ఓడ తలుపు

శాంతక్కకు అబద్ధమాడటం రాదు. మెచ్చుకుంటున్నాననుకునేరు, ఫిర్యాదు చేస్తున్నాను. ఎవరింట్లోనైనా అన్నం పెట్టి కూర ఎలా ఉందని అడిగితే, ఉప్పెక్కువైందని ఆ ఇంట్లోనే చెప్పే మనిషి. నేను ముచ్చటపడి కొనుక్కున్న చీర చూసి, ఒక్క ఉతుక్కి రంగు దిగుతుందని పదిమందిలో అన్న మనిషి. దిగింది, అది వేరే సంగతి. నాకేమో కోపం ముక్కు మీద ఉంటుంది, నోరు ఊరుకోదు. మా ఇద్దరికీ స్నేహం ఎలా కుదిరిందా అని మా ఆయన లింగస్వామి ఇప్పటికీ ఆశ్చర్యపోతాడు. గొర్రెలు కాసే మనిషికి ఆశ్చర్యపోవడానికి తీరిక చాలా ఉంటుంది.

వాళ్లది లంబాడీ తండా, మాది గొల్లవాడ. అనంతగిరి నుంచి కోదాడ పోయే దారిలో ఒక చిన్న వాగుకు అటు వాళ్లు, ఇటు మేము. శాంతక్క భర్త బాల్యా ఆ తండాకు పెద్ద. వాళ్లు నాయక్ అంటారు. ఏ తగువొచ్చినా అందరినీ కూర్చోబెట్టి, అందరి మాటా విని, చివరి మాట చెప్పేది ఆయనే. ఆ మాట మీద ఇంకో మాట ఉండదు.

ఎనభైల చివర్లో ఆ తండాకు పంచాయతీవాళ్లు ఒక టీవీ ఇచ్చారు. నలుపు తెలుపు టీవీ. బడి గదిలో బల్ల మీద పెట్టి ఆదివారం పొద్దున తాళం తీసేవాళ్లు. మా వాడకు మాత్రం ఇవ్వలేదు. ఎందుకివ్వలేదని నేను సర్పంచిని దారిలో ఆపి మరీ అడిగితే, వాగు దాటి పోయి చూడటానికి కాళ్లు నొస్తున్నాయా అన్నాడు. దాటి పోయాం, ఏం చేస్తాం.

ఆదివారం పదకొండింటికి ఒక హిందీ సీరియల్ వచ్చేది. పేరేదో పొడుగ్గా ఉండేది, మాకు నోరు తిరగలేదు. ఓడ అనేవాళ్లం. ఆకాశంలో పోయే ఓడ అది. వాళ్ల నేల పాడైపోతే, ఉండటానికి ఇంకో చోటు వెతుక్కుంటూ జనమంతా చుక్కల మధ్య పోతూనే ఉంటారు. ఏళ్ల తరబడి పోయారు. మొదటివారం కాసేపు చూసి మా ఆయన, భూమ్మీద పనేం లేనట్టు ఇదేం బొమ్మ అని లేచిపోయాడు. బాల్యా మాత్రం గోడకు ఆనుకొని కదలకుండా చూశాడు. వాళ్ల పెద్దలు ఎడ్ల మీద ఉప్పూ ధాన్యమూ వేసుకొని దేశాలు తిరిగిన జనం. తండా అంటే అసలు అలా నడిచే గుంపేనట, ఒకచోట గుడిసెలు వేసుకున్నది ఆ తర్వాతేనట. బొమ్మ అయిపోయాక ఆయన తువ్వాలు దులుపుకుంటూ లేచాడు.

"ఇది మన తండనే. ఎడ్లు లెవ్వు, అంతే."

ఆ మాటతో సీరియల్ తండాకు సొంతమైపోయింది. ఓడ కెప్టెన్‌ను నాయక్ అనే పిలిచేవాళ్లు. అందులో ఒక మరమనిషి ఉండేవాడు, వాడు ఇనుపోడు. వేరే లోకం నుంచి వచ్చిన డాక్టరమ్మ ఒకామె ఉండేది. ముఖమంతా బూడిద పూసుకున్నట్టు ఉండేది కాబట్టి ఆమెకు బూడిదమ్మ అని పేరు పెట్టాను. పెట్టింది నేనే.

మా వాడలో హిందీ ఎవరికీ రాదు. ముసలివాళ్లకు నాలుగు ఉర్దూ ముక్కలు వచ్చేవి, అవి అంగట్లో బేరానికి సరిపోతాయి గాని ఆకాశంలో పనికిరావు. లంబాడీ మాట హిందీకి కొంచెం దగ్గర. తండా మొత్తంలో శాంతక్క చెవి చురుకు. అందుకని ఆమె టీవీ పక్కన నిలబడి, ఒక్కో ముక్క కాగానే మాకు తెలుగులో చెప్పేది. సగం మాట తెలిసి, సగం ముఖాలు చూసి చెప్పేది. తెలియని చోట "ఇది నాకు సమజ్ కాలే" అని ఊరుకునేది. నాకు ఒళ్లు మండేది. సరిగ్గా బూడిదమ్మ కళ్లనీళ్లు పెట్టుకొని ఏదో అన్నచోట సమజ్ కాలే అంటే ఎలా? ఏదో ఒకటి కల్పించి చెప్పరాదా అక్కా, మాకేం తెలుస్తుంది అని ఒకసారి గట్టిగానే అడిగాను.

"తెల్వంది తెల్వదనే సెప్త. గంత కష్టమైతే నువ్వే వొచ్చి ఈడ నిలవడు," అంది. నేను నోరు మూసుకొని కూర్చున్నాను. నా జీవితంలో అలాంటివి తక్కువ.

ఆ ఓడవాళ్లకు కొన్ని పద్ధతులుండేవి. ఎదురుగా ఎవరొచ్చినా ముందు అడగాలి, ఎవరు, ఎందుకొచ్చారు అని. మూడుసార్లు అడగనిదే ఆయుధం ముట్టకూడదు. నీళ్లు తగ్గితే అందరూ తాగాక ఆఖర్న నాయక్ తాగాలి. ఇవి మాకెవరూ పాఠంలా చెప్పలేదు. ఎప్పుడు ఒంటికి పట్టాయో కూడా తెలియదు. బోరింగు దగ్గర ఎప్పుడూ బాల్యా ఇంటి బిందె ముందుండేది, నాయక్ ఇల్లు కదా. ఒక ఎండాకాలం శాంతక్క తన బిందెను తీసుకుపోయి వరుస చివర పెట్టింది. బాల్యా చూసి మీసం దువ్వుకున్నాడు గాని ఏమీ అనలేదు. ఖాళీ అయిన ఆ మొదటి చోట్లో నా బిందె పెట్టిన మాట నిజమే. నేను వాగు ఇవతలి దాన్ని, ఓడ పద్ధతులు నాకెందుకు?

కానీ అవే పద్ధతులు మమ్మల్ని కూడా కాపాడాయి. ఒకసారి మా గొర్రెలు తండాలోని కిష్ట్యా కందిచేలో పడ్డాయి. అదివరకైతే ఆ తగువు తలలు పగిలేదాకా పోయేది. ఆ రోజు కూడా కిష్ట్యా కర్ర పట్టుకునే వచ్చాడు. వచ్చి వాకిట్లో నిలబడి, నీ గొర్రెలు నా చేలోకి ఎందుకొచ్చాయని అడిగాడు. మా ఆయన జ్వరంతో మంచం పట్టి ఉన్నాడు, మందను ఆపే దిక్కు లేక అవి చెదిరిపోయాయి. కిష్ట్యా ఆ మనిషిని కళ్లారా చూశాడు, అయినా ఇంకో రెండుసార్లు అదే ప్రశ్న అడిగాడు. ఓడలో మూడుసార్లు అడుగుతారు మరి. తర్వాత కర్రను మా గోడకు ఆనించి వెళ్లిపోయాడు. ఆ కర్రను నేను గొర్రెల దొడ్డి తలుపుకు అడ్డంగా వాడుకున్నాను, మంచి గట్టి కర్ర.

ఇక మోతీలాల్ సంగతి చెప్పాలి. వాడు శాంతక్కకు ఒక్కగానొక్క కొడుకు. టీవీ రాకముందటి మాట ఇది. ఎండాకాలమొస్తే తండాలో నిప్పు అంటుకోకుండా వంతుల కాపలా ఉండేది. అన్నీ గడ్డి కప్పిన గుడిసెలే, ఎక్కడ నిప్పురవ్వ పడినా ఇంకేం మిగలదు. వంతు వచ్చినవాడు తెల్లారేదాకా మేలుకొని తిరగాలి. ఒక రాత్రి వంతు మోతీలాల్‌ది. వాడు సైకిలెక్కి కోదాడలో సెకండ్ షోకు పోయాడు. తిరిగొచ్చేసరికి తండా సగం మంటల్లో ఉంది. మనుషులంతా బతికారు గాని బాల్యా ఎడ్ల జత కట్టుతాళ్లతోనే కాలిపోయింది. నిప్పు వాగు దాటి మా గడ్డివామిని కూడా అందుకుంది. నేను వాడిని తిట్టని తిట్టు లేదు. వాడు వాగు దగ్గరే సైకిల్ పడేసి, తండ్రి ముఖం చూడకుండా వెనక్కి తిరిగిపోయాడు. మిర్యాలగూడలో రైసుమిల్లులో బస్తాలు మోస్తున్నాడని తర్వాత తెలిసింది.

బాల్యా తండానంతా కూర్చోబెట్టి తీర్పు చెప్పాడు. కాపలా వదిలిపోయినవాడికి తండాలో చోటు లేదన్నాడు. పరాయివాడైతే కొంచెం తగ్గించి చెప్పేవాడేమో. సొంత కొడుకు కాబట్టి తగ్గించలేకపోయాడు.

శాంతక్క ఆ రోజు నుంచి ఇంట్లో కొడుకు పేరు ఎత్తలేదు. ఇంకోటి కూడా మానేసింది. లంబాడీ ఆడవాళ్లు చాన్నాళ్లకు అయినవాళ్లు కనబడితే మెడ చుట్టూ చేతులు వేసి, రాగం తీసి, ఎన్నాళ్లకొచ్చావు, ఎలా ఉన్నావు అని పాటలాగా ఏడుస్తారు. ఢావ్లో అంటారు దాన్ని. అందరిలోకీ శాంతక్క ఢావ్లో బాగా తీస్తుందని పేరు. కొడుకు పోయాక ఆమె గొంతు ఎవరి కోసమూ లేవలేదు. సూర్యాపేట నుంచి తోడబుట్టిన చెల్లెలు వస్తే కూడా ఊరికే చెయ్యి పట్టుకొని లోపలికి తీసుకుపోయింది. అది చూసి నాకే ఏడుపొచ్చింది.

శాంతక్క అన్న కొడుకు జవహర్ మేళ్లచెరువు నుంచి సిమెంటు లారీ నడిపేవాడు. మిర్యాలగూడ పోయినప్పుడల్లా మోతీలాల్‌ను కలిసి, వచ్చి మేనత్తకు చాటుగా చెప్పేవాడు. పెళ్లయిందని ఒకసారి, కొడుకు పుట్టాడని ఒకసారి, ఆ కొడుకు నడుస్తున్నాడని ఒకసారి. తొంభై మూడు ఎండాకాలంలో అనుకుంటా, అసలు కబురు తెచ్చాడు. భార్య తరఫువాళ్లు బొంబాయిలో పనికి రమ్మంటున్నారట. పోతే మళ్లీ ఇటు రావడం ఉండదు. నాన్న రమ్మంటే మాత్రం పెళ్లాన్నీ పిల్లాణ్నీ తీసుకొని తండాకే వస్తానన్నాడట. ఆదివారం సాయంత్రం జవహర్ లారీ మళ్లీ మిర్యాలగూడ పోతుంది. అవునో కాదో ఆ లారీలో చెప్పి పంపాలి.

శాంతక్క మొదటిసారి భర్త ముందు కొడుకు పేరు ఎత్తింది. బాల్యా అప్పుడు మంచం మీద ఉన్నాడు. గట్టు మీద నుంచి జారి కాలు విరగ్గొట్టుకుంటే సూర్యాపేట దవాఖానలో పిండికట్టు వేసి పంపారు. ఆయన పైకప్పు వైపు చూస్తూ, ఆదివారం కానీ చూద్దాం అన్నాడు.

ఆదివారమే ఎందుకో తండాలో అందరికీ తెలుసు. ఓడలో కూడా ఒకడు పారిపోయినవాడున్నాడు. నీళ్ల కరువొచ్చినప్పుడు చిన్న పడవొకటి తీసుకొని, అందరి తాగునీళ్లూ అందులో వేసుకొని పోయాడు. ఏళ్లపాటు వాడిని అందరం కలిసి తిట్టుకున్నాం. అంతకు ముందు ఆదివారమే వాడు తిరిగొచ్చాడు. ఆ పడవలోనే ఓడ తలుపు బయట ఆగి, లోపలికి రానివ్వమని అడిగాడు. నాయక్ తలుపు మీట మీద చెయ్యి వేశాడు. అక్కడ ఆపేశారు. మిగిలింది ఒక్క వారమే, దాంతో సీరియల్ ఖతం. మంచంతో సహా మోసుకొచ్చి బడి గదిలో పడుకోబెడితే, ఆ ముక్క వచ్చినంతసేపూ బాల్యా ఊపిరి తీసుకున్నట్టు కూడా లేదు. ఆ నాయక్ ఏం చేస్తాడో చూసి ఈ నాయక్ ఏదో ఒకటి అనుకుంటాడు. పైకి మాత్రం ఆ మాట ఒప్పుకునే మనిషి కాడు.

శనివారం గాలిదుమారం లేచి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. కరెంటువాళ్లు మంగళవారం వస్తామన్నారు. నేను వాళ్లను ఏడు తరాల దాకా తిట్టాను. బాల్యా తిట్టలేదు. శాంతక్కను దగ్గరికి పిలిచాడు.

"కోదాడకు వొయి సూసిరా. ఎట్లయ్యిందో వొచ్చి సెప్పు. నాకు నీ మాట సాలు."

తోడుకు నన్ను తీసుకుపొమ్మన్నాడు. ఆయన అనకపోయినా నేను పోయేదాన్నే.

కోదాడ బస్టాండు దగ్గర ఏసుపాదం అని ఒకాయన టీవీల దుకాణం ఉందని జవహర్ చెప్పి పంపాడు. పోయి చూస్తే షట్టర్ వేసి ఉంది. ఆదివారం కదా, ఆయన చర్చికి పోయాడని పక్కన టీ కొట్టు ఆయన చెప్పాడు. శాంతక్క షట్టర్ ముందు మెట్టు మీద కూలబడింది. నేను కూలబడే రకం కాదు. చర్చి ఎక్కడో అడుక్కుంటూ పోయి, లోపల ప్రార్థన జరుగుతుంటే గుమ్మంలో నిలబడి, ఏసుపాదం గారెవరని అడిగాను. జనమంతా వెనక్కి తిరిగి చూశారు. ఒక బట్టతల ఆయన గాబరాగా లేచి వచ్చాడు, దుకాణానికి ఏమైందో అనుకున్నాడు పాపం. సంగతి చెప్పాను. ఆయన వెనక్కి ఒకసారి చూసి గొంతు తగ్గించాడు.

"నాక్కూడా ఆ సీరియలంటే ప్రాణమమ్మా. ఎవరైనా వచ్చి పిలిస్తే బాగుండని ఇందాకట్నుంచీ కూర్చున్నా. పదండి పదండి."

షట్టర్ తీసి, మాకు స్టూళ్లు వేసి, దుకాణంలో అన్నిటికంటే పెద్ద టీవీ పెట్టాడు. రంగుల టీవీ. బొమ్మ వచ్చింది. నేను అరిచాను. బూడిదమ్మ ముఖం బూడిద రంగు కాదు. ఆకుపచ్చ. లేత చింతాకు పచ్చ. ఇన్నేళ్లూ ఆమెను నేను బూడిదమ్మ అని పిలుస్తున్నాను, అందరి చేతా పిలిపిస్తున్నాను. శాంతక్క నా వైపు చూసి, ఆ గాబరాలో కూడా, "పేరు వెట్టింది నువ్వే," అంది.

పారిపోయినవాడు బయట నుంచి ఏదో చెబుతూనే ఉన్నాడు. గొంతు బొంగురుపోయింది. బూడిదమ్మ, ఇప్పుడు ఏమనాలో నాకు తెలియదు, ఆమె నాయక్ చెయ్యి పట్టుకొని బతిమాలింది. ఇనుపోడు కూడా తల వంచుకున్నాడు. నాయక్ మీట వైపు చూశాడు, అందరి వైపూ చూశాడు. మీట మీద నుంచి చెయ్యి తీసేశాడు. ఏదో ఒక్క ముక్క అన్నాడు. చిన్న పడవ మెల్లగా వెనక్కి పోయి చీకట్లో కలిసిపోయింది. ఆ తర్వాత ఓడవాళ్లకు కొత్త నేల దొరికింది. పచ్చగా ఉంది, నీళ్లున్నాయి. అందరూ చేతులు పట్టుకొని పాడారు. ఏసుపాదం కళ్లు తుడుచుకుంటూ చప్పట్లు కొట్టాడు. మేమిద్దరం కొట్టలేదు.

నాయక్ ఏమన్నాడక్కా అని అడిగాను. సమజ్ కాలేదని చెబితే బాగుండని అడుగుతూనే మొక్కుకున్నాను.

"తలుపు లోపలున్నోళ్ల కోసం, అన్నడు," అంది శాంతక్క.

బస్సులో ఆమె కిటికీ వైపు తిరిగి కూర్చుంది. నేను ఊరుకుంటానా? చూసింది మనిద్దరమే, తండాకు కరెంటు లేదు, ఏసుపాదం వచ్చి సాక్ష్యం చెప్పడు. తెరిచాడని చెప్పక్కా, ఒక్క మాట, నీ కొడుకు నీకు దక్కుతాడు అన్నాను. మనవడి ముఖం చూడాలని లేదా అన్నాను. నా గడ్డివామి కాలినదాన్ని నేనే అంటున్నాను కదా అన్నాను. వాగు దగ్గర దిగి నడిచేటప్పుడు ఆమె మాట్లాడింది.

"ఇన్నేండ్లు మీరంత నా నోటితోని ఇన్నరు. ఇయ్యాల ఒక్కటి కలిపితే ఎనకటియన్ని అబద్ధమైతయి యాదమ్మా. ఆయనేమో నీ మాట సాలన్నడు."

అయితే నీ కొడుకు పోనీ బొంబాయికి అని నేను కోపంగా అనేశాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, నడక మాత్రం ఆపలేదు. ఆ మాట అన్నందుకు నా నాలుక కోసుకోవాలనిపించింది.

తండాలో బడి వరండాలో అందరూ కూర్చొని ఉన్నారు. మధ్యలో బాల్యా మంచం. దారి మీద జవహర్ లారీ ఆగి ఉంది, వాడు దానికి ఆనుకొని మా వైపే చూస్తున్నాడు. మా ఆయన కూడా గొర్రెలను ఎవరికో అప్పజెప్పి వచ్చాడు, మొదటివారం తప్ప ఎప్పుడూ బొమ్మ చూడని మనిషి. ఏమైందని బాల్యా అడగలేదు, ముఖమెత్తి చూశాడంతే. ఆ చూపు చూసి నేను తట్టుకోలేకపోయాను.

"తెరిసిండు. తలుపు తెరిసి లోపలికి రానిచ్చిండు," అనేశాను.

వరండా అంతా ఒక్కసారి కదిలింది. కిష్ట్యా ఈల వేశాడు. జవహర్ అప్పుడే లారీ తలుపు మీద చెయ్యి వేశాడు. బాల్యా కళ్లు మూసుకున్నాడు, ఆ ముసలి ముఖం మెత్తబడటం నేను చూశాను.

"లే," అంది శాంతక్క. "తెరవలే."

అందరూ నా వైపు తిరిగారు. నన్ను చూసినవాళ్లను నేను తిరిగి గుడ్లురిమి చూశాను, ఇంకేం చెయ్యను? శాంతక్క బడి గది గుమ్మంలో, వెనక ఆగిపోయిన టీవీ కనబడుతుండగా నిలబడి, ఎప్పటిలాగే చెప్పడం మొదలుపెట్టింది. వాడు ఎలా బతిమాలాడో చెప్పింది. డాక్టరమ్మ ముఖం ఆకుపచ్చ అని కూడా చెప్పింది, అది కూడా నిజమే కదా. మీట మీద నుంచి చెయ్యి తీసిన సంగతి, నాయక్ అన్న మాట, పడవ పోయిన సంగతి, కొత్త నేల, పాట. ఒక్కటి కలపలేదు, ఒక్కటి తగ్గించలేదు.

అంతా విని బాల్యా ఒక్కటే అడిగాడు.

"అడిగిండా?"

"ఏంది?"

"పారిపోయినోన్ని అడిగిండా, ఎందుకు వొయినవని? ఒక్కసారన్న?"

శాంతక్క ఆలోచించింది. నేను కూడా ఆలోచించాను. మనసులో ఆ బొమ్మంతా మళ్లీ చూసుకున్నాను. "లే," అంది. "అడగలే."

బాల్యాకు కోపమొచ్చింది. పిండికట్టుతోనే మంచం మీద లేచి కూర్చున్నాడు. నేను ఇంత కోపిష్టిదాన్ని, ఆ రోజు నాకే భయమేసింది. తెలియనివాడు ఎదురైతే మూడుసార్లు అడగమని మనకు నేర్పినవాడు, సొంత మనిషి వచ్చి తలుపు ముందు నిలబడితే ఒక్కసారి అడగలేదా అన్నాడు. పచ్చటి నేల దొరికిందని పాట పాడుకున్నారా, ఒకడిని చీకట్లో వదిలి పాట ఎలా వచ్చింది నోటికి అన్నాడు. ఏళ్లపాటు మనకు చెప్పీ చెప్పీ ఆఖరి రోజు వాడే మర్చిపోయాడన్నాడు. తండాలో అందరూ తలలూపారు. కిష్ట్యా అందరికంటే గట్టిగా ఊపాడు.

ఆ తర్వాత ఆయన కోపం ఉన్నట్టుండి ఆగిపోయింది. తన పిండికట్టు వైపు చూస్తూ కూర్చున్నాడు. మళ్లీ మాట్లాడినప్పుడు గొంతు చిన్నదైపోయింది.

"నేన్గూడ అడగలే. నా కొడుకును నేన్గూడ ఒక్క మాట అడగలే."

జవహర్ లారీ దగ్గర నుంచి మెల్లగా నడిచి వచ్చాడు. రమ్మని చెప్పనా మామా అని అడిగాడు.

"రమ్మను. అడుగుత," అన్నాడు బాల్యా. "ఆ నాయక్ మర్సిండని నేను మర్సిపోవాల్నా?"

శాంతక్క గుమ్మంలోనే కూర్చుండిపోయింది. నేను పోయి పక్కన కూర్చున్నాను. నా అబద్ధం గురించి ఏమైనా అంటుందేమోనని ఎదురుచూశాను. అంది కూడా. నువ్వు ఇంత పెద్ద గొంతుతో చెప్పినా నీ ముఖం చూస్తే ఎవరూ నమ్మరు, ఇంకెప్పుడూ ప్రయత్నించకు అంది. నేను నవ్వాలో తిట్టాలో తెలియక రెండూ చేశాను.

మోతీలాల్ బుధవారం జవహర్ లారీలోనే వచ్చాడు. అప్పటికి కరెంటు కూడా వచ్చింది, కానీ టీవీలో చూడటానికేమీ లేదు. వాడి భార్య భూలి ముందు దిగింది, చంకలో పిల్లాడు. వాడు లారీ వెనకే నిలబడిపోయాడు. శాంతక్క పోయి వాడి మెడ చుట్టూ చేతులు వేసింది. ఒక క్షణం గొంతు రాలేదు, ఇన్నేళ్లు మూసిపెట్టింది కదా. తర్వాత వచ్చింది. వాగు ఇవతల మా గొర్రెలు కూడా తలలెత్తాయి. ఆ రాగంలో, ఆ ఏడుపులో మాటలు నాకు అర్థం కావు. మొట్టమొదటిసారి ఆమెను తెలుగులో చెప్పమని అడగలేదు.

బాల్యా మంచం మీద కూర్చొని ఏడుపు అయ్యేదాకా ఆగాడు. అప్పుడు తండా అందరి ముందూ కొడుకును అడిగాడు. ఎందుకు పోయావు అని. మోతీలాల్ తల వంచుకొని, సినిమాకు పోయాను అన్నాడు. రెండోసారి అడిగాడు. తొందరగా వచ్చేద్దామనుకున్నాను, ఏమవుతుందిలే అనుకున్నాను అన్నాడు. మూడోసారి అడిగాడు. మంటలు చూశానని, ఎడ్ల అరుపు విన్నానని, నీ ముఖం చూసే ధైర్యం లేక పారిపోయానని, ఆ అరుపు ఇప్పటికీ వినిపిస్తుందని చెప్పాడు. బాల్యా కూడా ఆ అరుపు విన్నవాడే. ఆయన తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

"ఎండలు ఇంకా పోలే. కాపలా వంతులు నడుస్తున్నయి," అన్నాడు. "ఇయ్యాల వంతు నీది."

మోతీలాల్ తలెత్తి తండ్రిని చూశాడు. సరే బాపూ అన్నాడు.

మర్నాడు బోరింగు దగ్గర శాంతక్కను అడిగాను, రాత్రి ఎలా గడిచిందని. కొడుకు తెల్లారేదాకా తండా చుట్టూ తిరుగుతూనే ఉన్నాడట, మా వాడ దాకా కూడా వచ్చి చూసి పోయాడట. మరి ఆయనో అన్నాను, నిద్రపట్టి ఉండదు, కొడుకు మేలుకున్నాడో లేదోనని చెవి అటే పెట్టుకొని ఉంటాడు అన్నాను. శాంతక్క బిందె ఎత్తుకుంటూ తల అడ్డంగా ఊపింది. అందరికంటే ముందు గురకపెట్టింది ఆయనేనట, పొద్దున లేపితే గాని లేవలేదట. శాంతక్క చెప్పింది కాబట్టి నిజమే.